మా మామిడితోటను కూల్చింది టోర్నడోనా, మామూలు గాలివానా?

పాలకుర్తి_రైతుబిడ్డ
మొన్న సాయంత్రం నాలుగున్నరకు మా ఊరి మీద గాలివాన పడింది. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా లేదు. మాది నాలుగెకరాల బంగినపల్లి తోట, మా తాత పెట్టిన చెట్లు. 37 చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మిగతా చెట్ల మీద కాయ నిలవలేదు. ఇంకో పది రోజుల్లో కోత పెట్టాల్సింది. పక్కనున్న కోళ్ళ ఫారం రేకులు అర కిలోమీటరు అవతల వరి మడిలో దొరికాయి.

నాకు అంతుపట్టనిది ఒకటే. మా తోటకు మూడు వందల గజాల దూరంలో పెద్దనాన్న వాళ్ళ తోట ఉంది. అక్కడ ఒక్క కొమ్మ విరగలేదు. ఊళ్ళో అందరూ టోర్నడో అంటున్నారు. ఎవరో అమెరికా వీడియో ఒకటి వాట్సాప్‌లో పెట్టి మన మండలంలోదే అని తిప్పుతున్నారు. మన దగ్గర నిజంగా టోర్నడో వస్తుందా? రాకపోతే ఇంత చిన్న జాగలో ఇంత దెబ్బ ఎలా పడింది? నాయిన రెండు రోజుల నుంచి తోట మొహం చూడటం లేదు. ఆయనకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

గోదారి_గట్టు
చెట్టు మీద కాయ ఉండగా పడితే ఆ కడుపుకోత చెప్పలేం తమ్ముడూ. మా కోనసీమలో దాళ్వా ధాన్యం కల్లాల్లో ఉన్నప్పుడే సరిగ్గా ఈ వానలు వస్తాయి. కానీ టోర్నడో అంటే మాత్రం నమ్మను. ఏటా ఎండాకాలంలో వచ్చే గాలివానే ఇది.

కడప_కుర్రోడు
నేనైతే టోర్నడోనే అంటాను. తుపాను అయితే జిల్లా అంతా పోతుంది. మీ తోట పోయి పక్క తోట మిగిలిందంటే అది సన్నగా ఒక దారి పట్టుకొని పోయిందన్నమాట. టోర్నడో పనే అది.

వాసు_వాతావరణం
రైతుబిడ్డ గారూ, ఒక్క ప్రశ్న. పడిపోయిన చెట్లు అన్నీ ఒకే దిక్కుకు పడ్డాయా, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడ్డాయా? ఇది తెలియకుండా ఎవరూ ఏమీ తేల్చలేరు. నేను విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం చదివాను. మాకు మొదట నేర్పింది ఇదే: గాలి పోయాక మిగిలే సాక్షి పడిన చెట్టే.

పాలకుర్తి_రైతుబిడ్డ
అంత గమనించలేదు అన్నా. రేపు పొద్దున పోయి చూస్తా.

వాసు_వాతావరణం
పోయేటప్పుడు ఫోన్‌లో కంపాస్ పెట్టుకోండి. ఒక్కో చెట్టు మొదలు దగ్గర నిలబడి తల ఎటు ఉందో రాసుకోండి. ట్రాక్టరు పెట్టి కొమ్మలు లాగించక ముందే చేయాలి.

సీత_టీచర్
వాసు గారూ, ఆయన చూసి వచ్చేలోపు అసలు ఈ మేఘం ఎలా తయారవుతుందో చెప్పండి. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పేటప్పుడు ‘వేడి గాలి పైకి పోతుంది’ అని ఆపేస్తున్నాం. ఉదయమంతా మాడిపోయే ఎండ, సాయంత్రానికి వడగళ్ళు. పిల్లలు అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు.

వాసు_వాతావరణం
ఏప్రిల్, మే నెలల్లో మన నేల మీద 40 డిగ్రీలు దాటుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి కింద కిందనే లోపలికి వస్తుంది. పైన మాత్రం గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. కింద వేడీ తేమా, పైన చల్లదనం. ఇది నిలకడ లేని అమరిక. టీవీలో ‘ద్రోణి’ అంటారే, ఆ గీత వెంట గాలులు ఎదురెదురుగా కలుసుకుని కింది గాలిని పైకి నెడతాయి.

పైకి పోయే కొద్దీ గాలి చల్లబడి అందులోని ఆవిరి నీటి బొట్లవుతుంది. అసలు కథ ఇక్కడే ఉంది టీచర్ గారూ. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడితో మేఘంలోని గాలి చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉండి ఇంకా పైకి తోసుకుపోతుంది. అంటే మేఘం తన పొయ్యి తానే వెలిగించుకుంటుంది. అలా 15 కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎత్తుకు పోయి, అక్కడ అడ్డం తగిలి పక్కలకు పరుచుకుంటుంది. కమ్మరి దాగలిలా చదునుగా కనిపించే తల అదే. పేపర్లలో క్యుములోనింబస్ అని రాసేది ఈ మేఘాన్నే.

పైన మంచు రేణువులు, చిన్న మంచు గుండ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. తేలిక రేణువులు ధనావేశంతో పైకి, బరువు గుండ్లు రుణావేశంతో మధ్యలోకి చేరతాయి. ఈ తేడా పెరిగి పెరిగి మెరుపు అవుతుంది. ఆ మెరుపు దారిలో గాలి 30,000 డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ చప్పుడే ఉరుము. పైకి పోయే గాలి బలంగా ఉంటే మంచు గుండ్లను కింద పడనీయకుండా మోస్తూ ఉంటుంది, అవి నీటిని పట్టుకుని పెరిగి వడగళ్ళవుతాయి.

సీత_టీచర్
‘తన పొయ్యి తానే వెలిగించుకుంటుంది’ — సోమవారం క్లాసులో ఇదే చెప్తాను.

వికారాబాద్_వెంకన్న
వడగళ్ళంటే 2023 మార్చి గుర్తొచ్చింది. మా వైపు మర్పల్లిలో రాళ్ళ వాన పడి నేలంతా తెల్లగా పరుచుకుంది. పిల్లలు సంబరంగా ఆడుకున్నారు, రైతులు మాత్రం పొలం గట్టున కూలబడ్డారు.

డాలస్_దుర్గ
టోర్నడో ఎలా ఉంటుందో కొంచెం అనుభవం ఉంది కాబట్టి చెప్తున్నా. 2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి. దీపావళికి వారం ముందు. తొమ్మిది గంటల వేళ ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఇక్కడ ‘టోర్నడో వాచ్’ అంటే అది పుట్టే పరిస్థితులు ఉన్నాయని, ‘వార్నింగ్’ అంటే ఎవరో కళ్ళతో చూశారని గానీ రాడార్‌లో తిరుగుడు కనిపించిందని గానీ. ఆ రాత్రి మోగింది వార్నింగ్.

మా ఇళ్ళకు నేలమాళిగలు ఉండవు. మెట్ల కింద చిన్న గది ఉంటే దాన్నే పూజగది చేసుకున్నాం. మా అత్తగారు, పిల్లలిద్దరు, మేమిద్దరం ఆ గదిలో దుప్పట్లు కప్పుకుని నలభై నిమిషాలు కూర్చున్నాం. మా దగ్గరికి రాలేదు. కానీ ఉత్తర డాలస్ మీదుగా 25 కిలోమీటర్ల దూరం ఇళ్ళు, బడులు, దుకాణాలు చీల్చుకుంటూ పోయింది. తర్వాత దానికి ఈఎఫ్3 రేటింగ్ ఇచ్చారు (టోర్నడో బలాన్ని 0 నుంచి 5 దాకా కొలిచే స్కేలు అది), గాలి గంటకు 225 కిలోమీటర్లు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ సైరన్లు, ఆ ఫోన్ హెచ్చరికలే కాపాడాయని నా గట్టి నమ్మకం.

మరునాడు వెళ్ళి చూస్తే ఒక ఇంటికి పైకప్పు లేదు, దాని పక్కింటి వాకిట్లో కుర్చీ కుర్చీలాగే ఉంది. కడప తమ్ముడు చెప్పిన ‘సన్నటి దారి’ అదే.

కడప_కుర్రోడు
చూశారా, నేను చెప్పింది అదే కదా!

వాసు_వాతావరణం
సన్నటి దారి టోర్నడోకు గుర్తే, కాదనను. కానీ చిన్న జాగలో దెబ్బ కొట్టేవి ఇంకా ఉన్నాయి.

ముందు టోర్నడో సంగతి. మామూలు ఉరుముల మేఘం అరగంట, గంటలో పుట్టి పోతుంది. టోర్నడోకు చాలాసార్లు సూపర్‌సెల్ కావాలి. అది గంటల తరబడి బతికే, మొత్తంగా తిరిగే మేఘం. నేల దగ్గర గాలి ఒక దిక్కు నుంచి నెమ్మదిగా, పైన ఇంకో దిక్కు నుంచి వేగంగా వీచినప్పుడు మధ్యనున్న గాలి అడ్డంగా దొర్లుతుంది. అరచేతుల మధ్య పత్తిని దొర్లించి వత్తి చేస్తాం కదా, అలా. పైకి దూసుకుపోయే గాలి ఆ వత్తిని పట్టి నిలువుగా లేపుతుంది. అప్పుడు మేఘమే తిరగడం మొదలుపెడుతుంది. ఆ తిరుగుడు నేల దాకా సన్నగా బిగుసుకుంటే టోర్నడో. అది కూడా ప్రతిసారీ జరగదు, తిరిగే మేఘాల్లో ఎక్కువ భాగం టోర్నడో లేకుండానే పోతాయి.

అమెరికా మొత్తం మీద టోర్నడోలు ఏటా వెయ్యికి పైగా వస్తాయి. ఎందుకంటే అక్కడి మైదానాల్లో మెక్సికో సింధుశాఖ నుంచి తేమ, పశ్చిమ కొండల మీదుగా పొడి గాలి, వాటి పైన జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున వేగంగా వీచే గాలి) మూడూ వసంతంలో ఒకేచోట కలుస్తాయి. మన దగ్గర వేడి ఉంది, తేమ ఉంది. ఏప్రిల్, మే నాటికి పైన ఆ వేగపు గాలే బలంగా ఉండదు. అందుకే మనకు ఉరుములు ఎక్కువ, టోర్నడోలు అరుదు.

బెంగాల్_బాబురావు
బెంగాల్ వైపు మాత్రం అరుదు అనకండి. ఉద్యోగరీత్యా ఇక్కడ పదకొండేళ్ళుగా ఉంటున్నా. కాలబైశాఖి (ఎండాకాలంలో వచ్చే గాలివాన) అంటే ఇక్కడ అందరికీ గుండె దడే. 2024 మార్చి 31న జల్పాయిగురి జిల్లా మైనాగురి దగ్గర నిమిషాల్లో ఊళ్ళకు ఊళ్ళే రేకులు లేకుండా అయ్యాయి, మనుషులు పోయారు. ప్రపంచంలోనే అతి ఎక్కువ ప్రాణాలు తీసిన టోర్నడో కూడా పక్కనే, బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్–సాటూరియాలో, 1989 ఏప్రిల్ 26న. సుమారు 1,300 మంది. అక్కడ గాలి వేగం అమెరికా వాటిని మించిందని కాదు, రేకుల ఇళ్ళు, తడికె గోడలు. దాక్కోవడానికి గది అన్నదే లేదు.

డాలస్_దుర్గ
బాబురావు గారు చెప్పింది చదివాక మా మెట్ల కింద గది విలువ ఇంకా తెలిసింది.

తాడ్వాయి_బాట
తెలంగాణలో రాదు అనేవాళ్ళు మా ములుగు అడవి చూడాలి. 2024 ఆగస్టు 31. తాడ్వాయి, మేడారం మధ్య ఏటూరునాగారం అభయారణ్యంలో దాదాపు 50 వేల చెట్లు నేలకొరిగాయి. సుమారు 500 ఎకరాలు. మద్ది, నల్లమద్ది లాంటి పెద్ద చెట్లు కూడా వేళ్ళతో లేచిపోయాయి. నేను వారం తర్వాత బండి మీద ఆ రోడ్డున పోయాను. ఆకాశం ఎన్నడూ కనపడని చోట ఆకాశం కనపడుతుంటే భయమేసింది. సమ్మక్క తల్లి దయ వల్ల ఊళ్ళ మీదికి రాలేదని మా వాళ్ళంతా అనుకున్నాం. అది టోర్నడో కాక ఇంకేమిటి?

వాసు_వాతావరణం
ములుగు విషయంలో అప్పట్లో నిపుణుల మధ్యే వాదన నడిచింది. కొందరు టోర్నడో అన్నారు, కొందరు డౌన్‌బరస్ట్ అన్నారు. అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటుతోంది, అదే వానలకు ఖమ్మం, విజయవాడ మునిగాయి. వాయుగుండం, తుపాను చుట్టూ ఉండే మేఘాల వరసల్లో చిన్న టోర్నడోలు పుట్టడం ఉంది. 2021 మే 25న యాస్ తుపాను రాకకు ముందురోజు హుగ్లీ జిల్లాలో అలాగే జరిగింది. కాబట్టి ములుగులో టోర్నడో అసాధ్యం అనను.

రాడార్ చూసి తేల్చవచ్చు కదా అంటారు. హైదరాబాద్ రాడార్ నుంచి తాడ్వాయి 200 కిలోమీటర్ల పైన. భూమి గుండ్రం, రాడార్ కిరణం కొంచెం పైకి వాల్చి పంపుతారు. అంత దూరం పోయేసరికి అది నేలకు నాలుగు కిలోమీటర్ల పైనుంచి పోతుంది. కింద చెట్ల మీద ఏం జరిగిందో దానికి కనపడదు. అందుకే మళ్ళీ చెట్లనే అడగాలి.

గోదారి_గట్టు
ఈ డౌన్‌బరస్ట్ అంటే ఏమిటి వాసు? పేరు వినలేదు.

వాసు_వాతావరణం
పేరు వినలేదేమో గానీ మీకు బాగా తెలిసిందే. వాన రావడానికి ముందు ఒక చల్లగాలి వస్తుంది గుర్తుందా? మట్టి వాసన మోసుకొచ్చేది. పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని ‘ఎక్కడో పడుతోంది’ అనేవారు. అది మేఘం నుంచి కిందికి దిగిన గాలి. వాన బొట్లు, మంచు పడుతూ పడుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి, చల్లబడిన గాలి బరువై కిందికి దిగుతుంది, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. అదే గాలి ఒక్కసారిగా, ఒకే చోట కుమ్మరించినట్టు పడితే డౌన్‌బరస్ట్. బిందెడు నీళ్ళు గచ్చు మీద బోర్లిస్తే ఎలా చిమ్ముతాయో అలా చిమ్ముతుంది. నాలుగు కిలోమీటర్ల లోపు వెడల్పు ఉంటే మైక్రోబరస్ట్ అంటారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటడం కూడా ఉంది.

దీన్ని కనిపెట్టిన కథ చెప్పాలి. షికాగో విశ్వవిద్యాలయంలో ఫుజిటా అనే జపనీయుడు ఉండేవాడు. టోర్నడోలకు కొలమానం పెట్టింది ఆయనే, దుర్గ గారు చెప్పిన ఈఎఫ్3లో ‘ఎఫ్’ ఆయన పేరే. 1945లో బాంబు పడ్డ నాగసాకి, హిరోషిమా వెళ్ళి చూశాడు. బాంబు పేలిన చోటుకు సరిగ్గా కింద చెట్లు కాలిపోయి కూడా నిలువుగా నిలబడ్డాయి, చుట్టూ ఉన్నవి బయటికి పడ్డాయి. దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1974 ఏప్రిల్‌లో అమెరికాలో రెండు రోజుల్లో 148 టోర్నడోలు వచ్చాయి. విమానంలోంచి ఆ అడవులు చూస్తుంటే కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగి కాకుండా చుక్క కిరణాల్లా బయటికి పడి ఉన్నాయి. నాగసాకి గుర్తొచ్చింది. ఇది పైనుంచి పడిన గాలి అన్నాడు. తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం ఒప్పుకోలేదు. 1975 జూన్‌లో న్యూయార్క్‌లో దిగుతున్న విమానం కూలి వందమందికి పైగా పోయారు, అక్కడా ఇదే కారణమని చూపించాడు.

డాలస్_దుర్గ
మా డాలస్ విమానాశ్రయంలోనూ 1985 ఆగస్టులో డెల్టా 191 విమానం ఇలాగే కూలింది కదా, 137 మంది. ఆ తర్వాతే విమానాశ్రయాల్లో దీన్ని పసిగట్టే రాడార్లు వచ్చాయని చదివాను. ఇదే గాలి అని ఇప్పుడు అర్థమైంది.

రామం_మాష్టారు
ఉరిమినప్పుడు మా నాయనమ్మ ‘అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి’ అని పది పేర్లూ చదివించేది. దడ తగ్గేది. ఇప్పటికీ మనవడికి నేర్పుతున్నాను.

సీత_టీచర్
మాష్టారూ, అందులో ఒక లెక్క కూడా చెప్పించవచ్చు. ఉరుము చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరుపు కనపడగానే మొదలుపెట్టి నిదానంగా పది పేర్లు చదివితే ఆరేడు సెకన్లు. పేర్లు అయ్యేసరికి ఉరిమితే పిడుగు రెండు కిలోమీటర్లలో పడ్డట్టే. పిల్లలు పరుగున ఇంట్లోకి రావాలి.

రామం_మాష్టారు
ఇంత కాలం చదువుతున్నాను, ఈ ఆలోచన తట్టలేదు. మనవడికి ఈరోజే చెప్తాను.

వికారాబాద్_వెంకన్న
ఉరుము వినపడిందంటేనే లోపలికి రావాలి అంటారు కదా, రెండు కిలోమీటర్లు వచ్చేదాకా ఆగకూడదు. మా బాబాయి గొర్రెలు పోయినేడు వేపచెట్టు కింద 22 ఒక్కసారే చచ్చిపోయాయి. చెట్టు మీద పడితే అన్ని ఎలా పోయాయో అర్థం కాలేదు.

వాసు_వాతావరణం
వెంకన్న గారు చెప్పింది సరైనది. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగాలి. గొర్రెల సంగతి: చెట్టు మీద పడిన కరెంటు నేలలో నలువైపులా పారుతుంది. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య వోల్టేజీ తేడా వచ్చి ఒళ్ళంతా, గుండె మీదుగా పోతుంది. మనిషికి కాళ్ళు దగ్గరగా ఉంటాయి, పశువుకు ఎడం ఎక్కువ. దేశంలో ఏటా పిడుగులకు రెండు వేల మందికి పైగా పోతున్నారు, టోర్నడో భయం కంటే మనకు ఇది చాలా పెద్దది. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ మీ ఫోన్‌లో పెట్టుకోండి, పక్కవాళ్ళ ఫోన్‌లోనూ పెట్టండి.

పాలకుర్తి_రైతుబిడ్డ
పొద్దున ఆరింటికి పోయాను. 37 చెట్లకూ దిక్కు రాశాను. తోటలో వాయవ్యం మూలన ఏడెనిమిది చెట్లు పడలేదు, నిలబడే ఉన్నాయి, కానీ ఆకు, కాయ మొత్తం రాలిపోయి మోడుల్లా ఉన్నాయి. వాటికి తూర్పున ఉన్న 14 చెట్లు తూర్పుకే పడ్డాయి. దక్షిణాన ఉన్న 11 దక్షిణానికి. మధ్యలో ఉన్న 12 ఆగ్నేయానికి. ఒక్క చెట్టు కూడా వెనక్కి పడలేదు. కోళ్ళ ఫారం రేకులు దొరికింది కూడా ఆగ్నేయం వైపే. పెద్దనాన్న తోట మాకు వాయవ్యాన ఉంది.

వాసు_వాతావరణం
విసనకర్ర లాగా విచ్చుకుని పడ్డాయన్నమాట. టోర్నడో అయితే దాని దారికి రెండు వైపులా చెట్ల తలలు లోపలికి, ఒకదాని మీద ఒకటి పడేవి. మీది మైక్రోబరస్ట్. గాలి ఆ వాయవ్యం మూల మీద పడింది, అందుకే అక్కడి చెట్లు నిలబడి మోడులయ్యాయి. మేఘం ఆగ్నేయానికి కదులుతుండటంతో బలమంతా ముందుకు పోయింది. మీ పెద్దనాన్న తోట దాని వెనకాల ఉంది, తప్పించుకుంది.

కడప_కుర్రోడు
సరే, చెట్ల మాట ఒప్పుకుంటున్నా. కానీ రైతుబిడ్డా, ఎవరైనా తిరిగే దుమ్ము చూశారా అని అడిగి చూడు.

పాలకుర్తి_రైతుబిడ్డ
అమ్మ చూసింది. చెరువు కట్ట మీద తాటిచెట్టు ఎత్తున దుమ్ము గిర్రున తిరిగిందట.

వాసు_వాతావరణం
ఆ చల్లగాలి పరుచుకునే అంచు దగ్గర అలా చిన్న సుళ్ళు లేస్తాయి. నేల మీద పుట్టి అక్కడే పోతాయి, పైనున్న మేఘంతో సంబంధం ఉండదు. అమ్మ చూసింది నిజమే, కడప తమ్ముడి అనుమానమూ అనవసరమైనది కాదు. చెట్లను పడేసింది మాత్రం అది కాదు.

గోదారి_గట్టు
మరి వాతావరణ శాఖ ముందే చెప్పలేదా?

వాసు_వాతావరణం
మూడు గంటల ముందస్తు హెచ్చరికలో జిల్లా పేరు వస్తుంది, ‘ఉరుములు, ఈదురుగాలులు’ అని. ఏ ఊరి ఏ తోట మీద గాలి కుమ్మరిస్తుందో ఇప్పటి పద్ధతులతో ఎవరూ చెప్పలేరు. పాలకుర్తి దగ్గర కూడా హైదరాబాద్ కిరణం నేలకు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున పోతుంది. రాడార్లు దగ్గర దగ్గరగా ఇంకా కావాలి. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెప్తాను.

తాడ్వాయి_బాట
మా అడవికి కూడా ఆనాడే ఎవరైనా ఇలా చెట్టు చెట్టుకూ దిక్కు రాసి ఉంటే బాగుండేది.

గోదారి_గట్టు
తమ్ముడూ, పడిన చెట్లన్నీ నరికించకు. సగం వేళ్ళు మట్టిలో ఉన్నవి బతుకుతాయి. ముందు పెద్ద కొమ్మలు కోసి బరువు తగ్గించు. తర్వాత మెల్లగా లేపి, వేళ్ళకు మట్టి ఎగదోసి, మూడు వైపులా పోట్లు పెట్టు. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు పది లీటర్లు. పంట నష్టం రాసుకునేవాళ్ళు వచ్చేలోపు ఫోటోలు తీసి పెట్టుకో.

పాలకుర్తి_రైతుబిడ్డ
నేను కంపాస్ పట్టుకుని తిరుగుతుంటే నాయిన గట్టు మీద నిలబడి చూశాడు. కాసేపటికి తనే లోపలికి వచ్చి, ఒక్కో చెట్టు ఏ ఏడు కాపుకు వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడు. దిక్కు పక్కన అది కూడా రాసుకున్నా. గాలి ఎలా పడిందో చెప్పితే, ‘అయితే అన్న తోటను వదిలి మనదాన్నే పట్టలేదన్నమాట, దాని కింద మనం ఉన్నాం, అంతే’ అన్నాడు. సగం వేళ్ళు నిలిచినవి తొమ్మిది ఉన్నాయి. ఈరోజు కొమ్మలు కోశాం, రేపు జేసీబీ వస్తుంది.

గోదారి_గట్టు
జేసీబీ డ్రైవర్‌కు తాడు కాండానికి నేరుగా కట్టొద్దని చెప్పు. గోనెపట్టా చుట్టి కట్టమను, లేకపోతే బెరడు లేచిపోతుంది.